చివరి బొమ్మ లేని పుస్తకం

“ఇంట్లో సన్న బ్లేడు పట్టేది ఒక్కరే. బీరువా తెరిచేదీ ఒక్కరే. ఇంకా ఏం విచారించాలి మేడం?”

కమలాకర్ చేతిలోని కాగితాలు సర్ది బల్ల మీద పెట్టాడు. ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి. పాత పుస్తకాలకు విలువ కట్టడం, అవి పోతే ఎలా పోయాయో తేల్చడం ఆయన పని. నిన్న కూడా వచ్చి పుస్తకం చూసి పోయాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు.

నిర్మలమ్మ గుమ్మంలో చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్లకు అంటిన దుమ్ము దులుపుకుంది. పోలీసు ఉద్యోగం చేసి ఏఎస్ఐగా రిటైరై దిగిపోయిన మనిషి. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో సొంతంగా విచారణలు చేస్తోంది. పొద్దున ఇస్రాయేలు ఫోన్ చేసి రమ్మంటే కొల్లాపూర్ బస్సెక్కింది.

“ఇప్పుడే వచ్చిన సారూ. జర కూసోనియ్యుండ్రి. మంచినీళ్లు గూడ తాగలే.”

“తాగండి. కానీ ఇస్రాయేలు గారు సాయంత్రం లోపు ఈ ఫిర్యాదు మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే నా రిపోర్టు పట్టుకొని నేనే స్టేషన్‌కు పోతాను.”

“ఎవరి పేరు మీద?”

కమలాకర్ గోడ పక్కకు చూశాడు. అక్కడ నిలబడ్డ గ్లోరీ తల దించుకుంది. ఇస్రాయేలు అక్క మనవరాలు. సొంతూరు తిరుమలగిరి. మూడు నెలలుగా ఇక్కడే ఉండి తాత పుస్తకాలు శుభ్రం చేసి, చిరిగినవి అతికి, వరసలో పెడుతోంది. ప్రభుత్వ కాలేజీలో లైబ్రేరియన్ ఉద్యోగానికి ఎంపికైంది. రేపు పొద్దున హైదరాబాద్‌లో సర్టిఫికెట్లు చూపించాలి. ఆ తర్వాత నడత మీద పోలీసు విచారణ. ఈలోగా ఆమె మీద కేసు రాసుకుంటే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది.

పడక కుర్చీలో ఇస్రాయేలు కదిలాడు. ఎడమ కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. కంట్లో పొర తీయించుకొని పదిరోజులు. రెండో కంటికీ అదే పొర, ఇంకా తీయలేదు.

“నిర్మలమ్మా, నా బిడ్డ అసుంటి పని చెయ్యది. గది తేల్చుమనే నిన్ను పిలిచిన.”

“తేలినంక ఏడ్వద్దు అన్నా. ముందే చెప్తున్న. ఇంట్ల మనిషని నేను చూడ.”

“చూడకు. నిజం చూడు.”

లోపలి నుంచి నీళ్ల చెంబుతో యాదమ్మ వచ్చింది. పక్కింటి బుచ్చయ్య భార్య. ఇస్రాయేలు కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి వంట ఆమెదే.

“తాగు అక్కా. ఇడ్లీలు గూడ ఉన్నయి, సల్లగైనయి. పొద్దుగాలనే వస్తనని చెప్పిన సారు పగటీలి, పన్నెండు దాటినంక దిగిండు. పొయ్యి ముంగట నా పానం పోయింది.”

“దారిలో తినేశానమ్మా,” అన్నాడు కమలాకర్.

* * *

పుస్తకాల గది వెనక ఉంది. కిటికీకి మందం బట్ట వేలాడుతోంది. రెండు ఇనుప బీరువాలు. నిర్మలమ్మ తాళం చూసింది, బందులు చూసింది. గీత కూడా లేదు.

“తాళంచెయ్యి?”

“తాత మెళ్లనే ఉంటది మేడం. నాకు కావాల్సినప్పుడు ఇస్తడు,” అంది గ్లోరీ.

బీరువా తెరవగానే వేపాకు, వసకొమ్ము కలిసిన వాసన గుప్పుమంది. ప్రతి అరలోనూ చిన్న చిన్న మూటలు. వాటి మధ్య నిర్మలమ్మ జీవితంలో చూడని పుస్తకాలు. ఆమె ఒకటి తెరిచింది. కొండ నెత్తిన నిప్పు, కింద మంచు. ఇంకొకటి తెరిచింది. నేలలోంచి తాటిచెట్టంత ఎత్తుకు వేడినీళ్లు చిమ్ముతుంటే టోపీలు పెట్టుకున్న మనుషులు గొడుగులు పట్టుకొని చూస్తున్నారు. మరోదాంట్లో పొట్టి మెడ పక్షులు, నోట్లో వరసగా చేపలు పట్టుకొని.

“ఇవన్ని నువ్వు ఫోన్ల చెప్పిన ఐస్‌లాండ్ అనే ఒక్క దేశానివేనా?” అంది.

“ఒక్క దేశమే. మన జిల్లాల ఉన్నంత మంది గూడ ఉండరట ఆడ. పుస్తకాలు మాత్రం ఇన్ని,” అన్నాడు ఇస్రాయేలు గోడ పట్టుకొని లోపలికొస్తూ. గొంతులో మొదటిసారి హుషారు వచ్చింది. “చలికాలం పొద్దే పొడవది. ఇంట్ల అందరు ఒక్కకాడ కూసుంటరు. ఒకలు సదువుతరు, మిగిలినోళ్లు ఉన్ని వడుకుకుంట ఇంటరు.”

ఆయన ఓడల్లో ఇంజనీరుగా పనిచేశాడు. ఆ దేశపు రేవుకు ఓడ పోయినప్పుడల్లా ఒక పుస్తకం కొన్నాడు. కానీ మొదటి పుస్తకం మాత్రం ఆయన కొన్నది కాదు. మిషన్ దవాఖానలో ఆయన తల్లి జానమ్మ ఆయాగా ఉన్నప్పుడు, ఐస్‌లాండ్ నుంచి వచ్చిన ఒక నర్సు తిరిగి పోతూ ఆమె చేతిలో పెట్టి పోయింది. మూడువందల యాభై ఏళ్ల నాటి ప్రార్థనల పుస్తకం. అరచేయి కన్నా కొంచెం పెద్దది. చెక్కమీద చెక్కి అచ్చు వేసిన బొమ్మలు. మందమైన సముద్ర జంతువు తోలు అట్ట.

“ఆ చివరి బొమ్మ ఉన్న ప్రతి ఇంకెక్కడా బయటపడలేదు. నేనే పోయినేడు పరీక్షించి విలువ కట్టాను,” అన్నాడు కమలాకర్. “పుస్తకం కంటే ఆ ఒక్క కాగితానికే ఎక్కువమంది కాచుకొని ఉన్నారు.”

“ఏముంటది గా బొమ్మల?”

ఇస్రాయేలు కళ్లు మూసుకున్నాడు. “పడవల నలుగురు మనుషులు. కింద ఇంతపెద్ద చేప. ఎనక నిప్పుకొండ. మనుషులు కొండను చూడరు, చేపను చూడరు. ఒకల మొకం ఒకలు చూసుకుంట నవ్వుతుంటరు. చిన్నప్పుడు మా అమ్మ ఒళ్ల పండుకొని ఎందుకు నవ్వుతున్నరే అని అడుగుతుంటి. ఇంటికి పోతున్నరు బిడ్డా అని చెప్పేది.”

నిర్మలమ్మ చేతులు కడుక్కొని తుడుచుకొని వచ్చింది. తెల్లగుడ్డ మూట విప్పి పుస్తకాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టింది. చివరి కాగితం ఉండాల్సిన చోట సన్నని అంచు మాత్రం నిలబడి ఉంది. భూతద్దం తీసి చాలాసేపు చూసింది.

“కోసిన్రు, నిజమే. గని ఇప్పుడు కోసింది కాదు. కోసిన అంచు గూడ మిగిలిన కాగితం లెక్కనే ఎర్రబారి ఉన్నది. దాని సందుల దుమ్ము గూడ ఇరుక్కున్నది.”

“టీ నీళ్లు మేడం,” అన్నాడు కమలాకర్. “కుంచెతో రాస్తే ఏ కాగితమైనా పాతబడుతుంది. అతుకులు కనిపించకుండా ఉండటానికి ఈ అమ్మాయి అదే వాడుతుంది. అడగండి.”

“వాడుతవా బిడ్డా?”

“వాడుత మేడం,” అంది గ్లోరీ సన్నగా.

“చూశారా? మీరు దొంగల్ని పట్టినవారే, కాదనను. కానీ కోళ్ల దొంగలు వేరు, పుస్తకాల దొంగలు వేరు.”

“కోళ్ల దొంగకు గూడ బుద్ధి ఉంటది సారూ. కోడి పోయిందని వాడే వచ్చి చెప్పడు. బొమ్మ లేదని మంగళవారం నాడు చెప్పింది ఎవరు? గీ పిల్లనే కదా.”

“తెలివైనవాళ్లు ముందుగా తామే చెప్తారు. నా ఇరవై ఏళ్ల అనుభవం.”

“మరి తెలివైనామె రేపు సర్టిఫికెట్లు పెట్టుకొని ఇయ్యాల గిట్ల గోడకు ఆనుకొని నిలబడుతదా? నౌకరి దొరికినంక కోసుకునేది కాదా?”

కమలాకర్ గడియారం చూసుకున్నాడు. “సాయంత్రం వరకు, మేడం.”

* * *

నిర్మలమ్మ గ్లోరీని వంటింట్లోకి తీసుకుపోయి స్టూలు మీద కూర్చోబెట్టింది. యాదమ్మ చల్లారిన ఇడ్లీలు ఒక గిన్నెలో వేసి ఇద్దరి మధ్య పెట్టి, తాను మాత్రం కదల్లేదు.

“యాదమ్మా, నువ్వు జర బయటికి…”

“నా వంటిల్లు అక్కా. పప్పు పొంగుతాంది.”

నిర్మలమ్మ నవ్వుకొని గ్లోరీ వైపు తిరిగింది. “మంగళవారం ఏం జరిగింది? మొదటికెంచి చెప్పు.”

“వేపాకు మార్చుదమని అన్ని తీసిన మేడం. గా చిన్న పుస్తకం మూట కొంచెం వదులుగ ఉండె. తాత ఎప్పుడు దాన్ని విప్పనియ్యడు, వెలుతురు తాకొద్దని. కట్టు సరిచేద్దమని విప్పిన. చివర చూస్తే బొమ్మ లేదు. ఉరికి తాతకు చెప్పిన.”

“అంతకు ముందు ఎప్పుడు చూసినవ్?”

“వచ్చిన కొత్తల. ఒక్కసారి. తాతే చూపించిండు.”

“అప్పటికి, మంగళవారానికి ఏం ఫరకున్నది? బొమ్మ సంగతి పక్కన పెట్టు.”

గ్లోరీ గిన్నె అంచు మీద వేలు తిప్పింది. నిర్మలమ్మ ఆ గిన్నె పక్కకు జరిపింది.

“ఏదో దాస్తున్నవ్. గా సారు గూడ గది కనిపెట్టిండు, అందుకే నీ మీద పడ్డడు. చెప్పకపోతే నేను గూడ ఆయన దిక్కే పోవాల్సొస్తది.”

“మూలలు మేడం,” అంది గ్లోరీ. కళ్లలో నీళ్లు తిరిగాయి. “నేను మొదట చూసినప్పుడు కాగితాలకు నాలుగు మూలల పచ్చటి మరకలుండె. మంగళవారం చూస్తే లేవు. నేను మొన్ననే గా అర మొత్తం మెత్తటి బ్రష్‌తోటి తుడిచిన. మూట మీద కొంచెం మందు గూడ కొట్టిన, పురుగులకని. నా మందుకే మరకలు పోయినయనుకున్న. మూడువందల యాభై ఏండ్ల పుస్తకాన్ని ఖరాబు చేసిన అని తాతకు ఎట్ల చెప్పాలె? బొమ్మ పోయిన సంగతి చెప్పిన, గిది మింగిన.”

“పచ్చటి మరకలా?” అంది యాదమ్మ పొయ్యి దగ్గర నుంచి. “గవి మరకలేందే? పసుపే అది. మేం పెట్టిందే.”

నిర్మలమ్మ ఇడ్లీ కింద పెట్టేసింది.

* * *

ఇస్రాయేలు పడక కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “అవు, పసుపే. పాత కాగితం మరకలని బయట దేశపోళ్లు అనుకుంటరు. నేను గూడ ఏం చెప్పలే. ఇజ్జత్ పోతదని.”

“ఎట్ల అంటింది?”

“మా అమ్మ గా పుస్తకాన్ని ఇండ్లకు ఇచ్చేది. కాన్పు కష్టమైతున్న ఇంటికి పట్టుకపోయి ఆ మనిషి తలకింద మెత్త కింద పెట్టేది. నర్సమ్మ పుస్తకమని అందరికి నమ్మకం. మా కిరస్తానం ఇండ్లల్లనే కాదు. అన్ని ఇండ్లకు.”

“నా పెద్దోడు పుట్టినప్పుడు మూడొద్దులు నా తలకింద ఉన్నది,” అంది యాదమ్మ. “కాన్పు మంచిగైనంక ఊకనే వాపసు ఇస్తమా? నాలుగు మూలల పసుపు రాసి, కుంకుమ పెట్టి, శేరు జొన్నలు పోసి పంపినం. జానమ్మత్త కుంకుమ తుడుచుకునేది. నా దేవుడు కోపానికొస్తడే అని తిట్టేది. మళ్లొక ఇంటికి అట్లనే ఇచ్చేది. పసుపు మాత్రం పోదాయె.”

నిర్మలమ్మ కమలాకర్ వైపు చూసింది. “పోయినేడు మీరు పరీక్షించిన్రు కదా సారూ. మూలల మరకలు చూసిన్రా?”

“పాత పుస్తకాల్లో మరకలు లేనిది ఏది మేడం? అన్నీ గుర్తుండవు. ఆ అమ్మాయే మందు కొట్టానని ఒప్పుకుంటోంది. పోయి ఉంటాయి.”

“పోతయి, కాదన. వెలుతురు తాకినా పోతయి. గని పుస్తకానికున్నది పోతే, మూటగుడ్డకున్నది గూడ పోవాలె కదా. మందు కొట్టింది మూట మీదనే.”

ఆమె తెల్లగుడ్డను బల్ల మీద పరిచింది. పుస్తకం మూలలు ఆనే చోట్ల గుడ్డ కొంచెం మాసినట్టు ఉంది, అంతే. చూస్తే ఏ రంగో చెప్పలేం.

“యాదమ్మా, నీ సున్నం డబ్బా ఇటియ్యి.”

యాదమ్మ నడుముకు దోపుకున్న ఆకువక్కల సంచిలోంచి చిన్న డబ్బా తీసి ఇచ్చింది. నిర్మలమ్మ చిటికెన వేలితో సున్నం తీసి, రెండు చుక్కల నీళ్లలో కలిపి, గుడ్డ మీద ఒక మాసిన చోట అద్దింది.

అందరూ వంగి చూశారు. మెల్లగా ఆ చోటు ఎర్రబడింది. పెండ్లికూతురి పాదాల పారాణి లాగా.

“ఏదీ?” అంటూ కమలాకర్ గుడ్డ అందుకున్నాడు. తడి సున్నం ఆయన చొక్కా చేతి అంచుకు తగిలింది. అక్కడా చిన్న మచ్చ ఎర్రగా లేచింది.

“అయ్యో సారూ, మీకు గూడ పారాణి పెట్టినం,” అని యాదమ్మ పకపకా నవ్వింది.

“పొద్దున హోటల్లో సాంబారు ఒలికింది,” అన్నాడు ఆయన చేయి మడుచుకుంటూ.

నిర్మలమ్మకు అప్పుడు ఆ మచ్చ మీద ధ్యాస లేదు. ఆమె పుస్తకం చివరి కాగితం మూలలో, అచ్చులేని ఖాళీ చోట, పుల్లతో ఆవగింజంత సున్నం ఆనించింది. ఏ రంగూ రాలేదు. ఇంకో మూల. అక్కడా రాలేదు.

“గుడ్డకు పసుపున్నది. పుస్తకానికి లేదు. అన్నా, నీ పుస్తకంల బొమ్మ పోలే. నీ పుస్తకమే పోయింది. గిది ఇంకోటి. ఎప్పటికెంచో చివరి కాగితం లేని పుస్తకం తెచ్చి గీ మూటల కట్టి పెట్టిన్రు.”

గ్లోరీ రెండు చేతులతో నోరు మూసుకుంది.

“ఇంకో ప్రతి కొల్లాపూర్‌కు ఎట్లా వస్తుంది?” అన్నాడు కమలాకర్. గొంతు తగ్గింది.

నిర్మలమ్మ ఇస్రాయేలునే చూస్తోంది. ఆయన చెయ్యి చాపాడు. పుస్తకం అందుకొని, అట్టను అరచేత్తో రాశాడు. వెనకట్ట లోపలికి బొటనవేలు పోనిచ్చి కింద మూలలో తడిమాడు. వేలు ఒకచోట ఆగింది.

“మంగళవారం ముట్టుకున్నప్పుడు పరాయి మనిషి చెయ్యి పట్టినట్టయింది,” అన్నాడు. “కండ్లతోటి చేతులు గూడ పోయినయనుకున్న.”

“ఏముంది ఆడ?”

“సిగరెట్ కాలిన గుంత. ఓడ మీద నేనే కాల్చిన. గిది గూడ నేను కొన్నదే. చివరి కాగితం లేదని సస్తగ ఇచ్చిన్రు. తెచ్చి జాషువాకు ఇచ్చిన.”

“జాషువా ఎవరు?”

“మక్తల్ల ఉంటడు. పంతులు పని చేసి దిగిపోయిండు. చిన్నప్పటికెంచి దోస్తు. నన్ను చూసి వాడు గూడ ఈ పుస్తకాలు జమ చేసుడు మొదలుపెట్టిండు. ఆదివారం నాడు ఇటే వచ్చిండు. నాకు కండ్లు లేవు కదా, సదివి వినిపిస్తనన్నడు. తాళంచెయ్యి తీసి వాని చేతిలనే పెట్టిన.”

“బయట దొంగ కోసం ఇంత వెతుకుతుంటే గా మాట ఎందుకు చెప్పకపోతివి?”

ఇస్రాయేలు పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. ఆకుపచ్చ గుడ్డ కింది నుంచి నీళ్లు కారాయి. కంటి మందు నీళ్లో, మామూలు నీళ్లో.

“శనివారం ఫోన్ చేసిండు. వాని మనవరాలు స్వర్ణకు కాన్పు. బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టర్లు చెప్పిన్రట. పుస్తకం ఇయ్యిరా, అమ్మ ఉంటే ఇచ్చేది కదరా అన్నడు. నేను ఇయ్యనన్న. అది ఇప్పుడు మెత్త కింద పెట్టే వస్తువు కాదురా, ఇన్సూరెన్స్ ఉన్నది, బయటికి తీస్తే కాగితం ఆగమైతది అన్న. సరేలే అన్నడు. మల్లొక మాట అనలే.”

యాదమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. “జానమ్మత్త కడుపున పుట్టి గా మాట అంటివా?”

“అన్న,” అన్నాడు ఇస్రాయేలు.

కమలాకర్ బల్ల మీది ఫిర్యాదు కాగితాన్ని తీసి నిలువునా చింపాడు. “నాదే పొరపాటు. అమ్మా గ్లోరీ, మనసులో పెట్టుకోకు. మేడం, మీ ముందు తల వంచుతున్నాను.”

నిర్మలమ్మకు ఆ మాట తియ్యగా వినిపించింది. ఆ మనిషి చేత ఆ మాట అనిపించాలని వచ్చినప్పటి నుంచీ ఉంది. కోళ్ల దొంగల మాట ఇంకా మరిచిపోలేదు.

“పద అన్నా, మక్తల్ పోదం. గ్లోరీ, నువ్వు సాయంత్రం బస్సుకు హైదరాబాద్ పో. రేపటి పని చూసుకో. నీకు ఫికర్ లేదు.”

* * *

కిరాయి కారు వనపర్తి మీదుగా మక్తల్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ప్రసూతి దవాఖాన వసారాలో బెంచీ మీద జాషువా కూర్చొని ఉన్నాడు. సన్నటి మనిషి, మాసిన ధోతి. ఇస్రాయేలును చూడగానే లేచి నిలబడ్డాడు.

“మునిమనవడు పుట్టిండురా,” అన్నాడు. “నిన్న పొద్దుగాల. ఇద్దరు మంచిగున్నరు.”

“పుస్తకమేదిరా?”

“తిట్టు ముందు. తిట్టినంక ఇస్త.”

“తిట్టేటందుకు రాలే. దొంగ ముండాకొడకా, అడిగి తీసుకపోవద్దా?”

“అడిగిన కదరా!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జాషువా మూతి వంకరపోయింది. “దొంగతనం నాకు చేతకాదు. ఖాళీ జాగ పెట్టి తెచ్చుకునుడు మనసుకు రాలే. అందుకని నాది ఆడ పెట్టి నీది తెచ్చుకున్న. కాన్పు కాంగనే మార్చి పెడుదమనుకున్న.”

“మీ మూలంగ ఒక పిల్ల మీద కేసు అయితుండె,” అంది నిర్మలమ్మ.

“ఏ పిల్ల?” జాషువా కంగారు పడ్డాడు. నిజంగానే తెలియదని ఆయన మొహంలో కనిపించింది. చెబితే నెత్తి కొట్టుకున్నాడు.

లోపలికి పోయి తువ్వాలులో చుట్టిన పుస్తకం తెచ్చాడు. విప్పగానే పసుపు వాసన వచ్చింది. నాలుగు మూలలా కొత్త పసుపు తడితడిగా మెరుస్తోంది. అట్ట మీద కుంకుమ బొట్టు.

“ఇదేందిరా?” అన్నాడు ఇస్రాయేలు ముక్కు దగ్గర పెట్టుకొని.

“పక్క మంచంల అనూహ్య అని ఒక పిల్ల. నొప్పులు పడుతుంటే వాళ్లమ్మ అడిగింది. ఎట్ల వద్దంట? రాత్రి ఇచ్చిన. తెల్లారి ఆడపిల్ల పుట్టింది. ఇయ్యాల పొద్దుగాల పసుపు రాసి వాపసు ఇచ్చిన్రు.”

ఇస్రాయేలు నవ్వాడు. నిర్మలమ్మ ఆ మొహంలో నవ్వు చూడటం అదే మొదలు. చూపుడువేలితో కుంకుమ తుడిచి ధోతికి రాసుకున్నాడు. పుస్తకాన్ని వెనక నుంచి తెరిచి, చివరి బొమ్మ మీద చెయ్యి పెట్టబోయాడు.

వేలు ఉత్త అట్ట మీద పడింది.

మళ్లీ తడిమాడు. “నిర్మలమ్మా,” అన్నాడు. “నువ్వు చూడు.”

ఆమె చూసింది. కాగితం ఉండాల్సిన చోట సన్నని అంచు. ఈసారి ఆ అంచు తెల్లగా ఉంది. కోసి పూట కూడా గడవనంత తెల్లగా. భూతద్దం అక్కర్లేదు.

“నేను కొయ్యలేరా!” జాషువా అరిచాడు. “నిన్న మాపటికి గూడ ఉన్నది. స్వర్ణకు చూపించిన. పడవల నవ్వే మనుషులను.”

“ఇయ్యాల ఎవరి చేతికిచ్చిన్రు?” నిర్మలమ్మ అడిగింది. “పసుపు రాసినంక.”

“ఎవరికి లేదు. గా ఇన్సూరెన్సాయనకు తప్ప. నా పుస్తకాలు గూడ పోయినేడు ఆయనే చూసిండు కదా, నేను ఎరికే. పొద్దుగాల ఇంటికి పోయి, ఈడున్ననని తెలుసుకొని వచ్చిండు. సంగతి మొత్తం తెలుసన్నడు. ఇస్రాయేలే పంపిండు, పుస్తకం మంచిగున్నదో లేదో ఫోటోలు తీసుకొని రమ్మన్నడు అని చెప్పిండు. కారుల పెట్టుకొని ఫోటోలు తీస్తనన్నడు. పావుగంటల వాపసు తెచ్చిండు. సిగ్గుతోటి నేను తెరిచి చూడలే.”

తెల్లచొక్కా చేతి అంచు. ఎర్రగా లేచిన మచ్చ. సాంబారు ఒలికితే చుక్కలు పడతాయి. పుస్తకాన్ని కదలకుండా మణికట్టుతో అదిమి పట్టి కోస్తే మూల పసుపు అంచుకే అంటుకుంటుంది. నిన్న కొల్లాపూర్‌లో చూడగానే అది జాషువా ప్రతి అని ఆయనకు తెలిసిపోయింది. అసలైంది ఎక్కడుందో తెలిసింది. పొద్దున ఇక్కడ కోసుకొని, పగటికి అక్కడికి వచ్చి, కోసింది గ్లోరీ అని కూర్చున్నాడు. సంతకం పడితే ఆ బొమ్మ కోసం ఇంకెవరూ వెతకరు.

మచ్చ తన కళ్ల ముందే లేచింది. యాదమ్మ నవ్వింది, తాను పట్టించుకోలేదు.

నిర్మలమ్మ ఫోన్ తీసింది. రెండు రింగులకే గ్లోరీ ఎత్తింది. వెనక రోడ్డు హోరు.

“మేడం! పుస్తకం దొరికిందా?”

“దొరికింది బిడ్డా. బస్సెక్కినవా?”

“బస్సెందుకు మేడం? కమలాకర్ సార్ మాఫీ అడిగి, తన కారుల దింపుతనన్నడు. జడ్చర్ల దాటినం. పాపం, మస్తు మర్యాద చేస్తున్నడు. నా సర్టిఫికెట్ల ఫైలు చినిగిపోయిందని కొత్తది గూడ ఇచ్చిండు. మంచి గట్టి అట్ట, మడతలు పడయట. తనే సర్ది పెట్టిండు.”

నిర్మలమ్మ ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుంది. అరచేయంత కాగితం. దాచడానికి గట్టి అట్ట ఒకటి చాలు. దారిలో ఎవరు ఆపి వెతికినా, దొరికేది ఆయన దగ్గర కాదు.

“గ్లోరీ, నేను చెప్పేది ఇను. మొకంల ఏం కనిపియ్యకు. ఆ ఫైలు ఇప్పుడు ఏడున్నది?”

“నా ఒళ్లనే ఉన్నది మేడం. ఎందుకు?”

ఆమె జవాబు చెప్పేలోపు పక్క నుంచి ఇంకో గొంతు మెత్తగా వినిపించింది.

“ఎవరమ్మా, నిర్మల మేడమేనా? స్పీకర్‌లో పెట్టు. నేను కూడా మాట్లాడతాను.”